గురి కుదిర్చే లెక్క: రైఫిల్ స్కోపులో ఒక నిమిషం

ఎం.ఎస్సీ. (ఫిజిక్స్), పూర్వ విద్యార్థి

సినిమాల్లో చూస్తుంటాం. హీరో మేడ మీద బోర్లా పడుకుని రైఫిల్ మీది దుర్భిణికి కన్ను ఆనిస్తాడు. గుండ్రటి అద్దంలో ప్లస్ గుర్తు. కిలోమీటరు దూరంలో వేలాడుతున్న తాడు మీదికి ఆ గుర్తు వచ్చి ఆగుతుంది. ఒక్క శబ్దం, తాడు తెగిపోతుంది. హాల్లో ఈలలు.

ఆ సీనులో లేనిది ఒకటుంది. హీరో ఆ దుర్భిణి మీద ఉన్న నాబ్‌ను ఒక్కసారి కూడా తిప్పడు. వంద గజాలకు సరిచేసిన రైఫిల్‌ను తిప్పకుండా వెయ్యి గజాలకు గురిపెడితే బుల్లెట్ తాడుకు తగలదు. దాదాపు పది మీటర్లు కింద, అంటే మూడంతస్తుల మేడ ఎత్తంత కింద పోతుంది. గాలి వీస్తుంటే పక్కకి కూడా పోతుంది.

దుర్భిణి అనగానే దూరాన్ని దగ్గర చేసే వస్తువనుకుంటాం. రైఫిల్ స్కోపుకి అది సగం పనే. మిగతా సగం, నా దృష్టిలో ముఖ్యమైన సగం, కోణాన్ని కొలవడం. మన ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్ ఎలాంటి పరికరమో ఇదీ అలాంటిదే. ఈ సంగతి పట్టుకుంటే స్కోపు సరిచేయడం పదో తరగతి త్రికోణమితి, ఇంటర్ ప్రాక్టికల్స్ దాటి పోదు.

ఈ విషయం మన పత్రికలో ఎందుకంటే, మన హాస్టల్ నుంచి ఎన్.సి.సి.కి, పోలీసు, ఆర్మీ సెలక్షన్లకి వెళ్లేవాళ్లు ఏటా ఉంటూనే ఉన్నారు. ఫైరింగ్ రోజు క్యాడెట్ చేతికొచ్చేవి లెక్కపెట్టిన కొద్ది తూటాలే. డబ్బున్నవాడు వేల తూటాలు కాల్చి నేర్చుకుంటాడు. మనవాడు కాగితం మీద నేర్చుకుని వెళ్లాలి. ఎన్.సి.సి. .22 రైఫిల్‌కి దుర్భిణి ఉండదు, 25 గజాల దగ్గర మామూలు సైట్లతోనే కాలుస్తారు. అయినా లెక్క ఒకటే. ఇంకో కారణం కూడా ఉంది. "అన్నా, సైన్ థీటా, టాన్ థీటా ఎక్కడైనా పనికొస్తాయా?" అని స్టడీ అవర్‌లో అడిగి, పది కాగానే లెక్కలకు దండం పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు మన దగ్గర ఎక్కువ. వాళ్లు ఈ నాలుగు పేజీలు పెన్సిల్ పట్టుకుని చదవాలని కోరిక.

బుల్లెట్ నేరుగా పోదు

బ్యారెల్ దాటిన క్షణం నుంచే బుల్లెట్ కిందకు పడుతూ ఉంటుంది. చేతిలోంచి జారవిడిచిన రాయి ఎంత త్వరణంతో పడుతుందో, మొదట్లో ఇదీ అంతే త్వరణంతో పడుతుంది. వేగంగా పోతుంది కాబట్టి పడటానికి సమయం తక్కువ దొరుకుతుంది, అంతే తేడా.

ఒక ఉదాహరణ తీసుకుందాం. దూరపు టార్గెట్ పోటీల్లో ఎక్కువగా కనిపించే .308 రైఫిల్, 175 గ్రెయిన్ల (సుమారు 11.3 గ్రాములు) బుల్లెట్, సెకనుకు 2600 అడుగుల (792 మీటర్ల) తొలి వేగం. 100 గజాలు (91.44 మీటర్లు) పోవడానికి 0.12 సెకను పడుతుంది. ½gt² లో వేసి చూడండి: సుమారు 7 సెం.మీ. పడింది. పైగా స్కోపు బ్యారెల్ మీద కూర్చుని ఉంటుంది. రెండింటి మధ్య దూరం సుమారు 4.4 సెం.మీ. అనుకుందాం. అంటే 100 గజాల దగ్గర బుల్లెట్ మన చూపు గీతను అందుకోవాలంటే 11.4 సెం.మీ. పైకి రావాలి. అందుకని బ్యారెల్‌ను చూపు గీత కంటే కాస్త పైకి వంచి పెడతారు. ఎంత? టాన్ థీటా = 0.114 / 91.44. టేబుల్ చూస్తే ఇది డిగ్రీలో పదిహేనో వంతు కూడా కాదనుకుంటాం. సరిగ్గా లెక్కిస్తే పద్నాలుగో వంతుకు దగ్గర.

"బుల్లెట్ మొదట పైకి లేస్తుంది, తరువాత పడుతుంది" అని కొందరు చెప్పడం విన్నాను. బుల్లెట్ తనంతట తాను పైకి లేవదు. బ్యారెలే పైకి చూస్తోంది. ఇలా సరిచేసిన రైఫిల్‌తో 25 గజాల దగ్గర కాలిస్తే బుల్లెట్ ఇంకా చూపు గీత కిందే, దాదాపు 2 సెం.మీ. కింద ఉంటుంది. దగ్గర్లోనే కదా అని నిర్లక్ష్యం చేసినవాడికి ఇక్కడ దెబ్బ పడుతుంది.

1000 గజాల (914 మీటర్ల) సంగతి చూడండి. గాలి అడ్డే లేకపోతే అంత దూరం 1.15 సెకన్లలో పోయి, బ్యారెల్ గీత నుంచి ఆరున్నర మీటర్లు పడేది. నిజానికి గాలి అడ్డుకుని వేగం తగ్గిస్తూ పోతుంది, సమయం పెరుగుతుంది, పది మీటర్లు దాటి పడుతుంది. అందుకే ఒట్టి ప్రక్షేపక సూత్రంతో ఇక్కడ పని జరగదు. బుల్లెట్ తయారీదారులిచ్చే పట్టికలు, ఈ మధ్య కంప్యూటర్ లెక్కలు వాడతారు. చివరికి రేంజిలో కాల్చి చూసుకున్నదే ప్రమాణం.

నిమిషం అంటే

ఇది గడియారంలో నిమిషం కాదు. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో ఒక భాగం. పూర్తి వృత్తానికి 360 × 60 = 21,600 నిమిషాలు. డిగ్రీ కాలేజీ స్పెక్ట్రోమీటర్ వెర్నియర్ మీద మనం తంటాలు పడి చదివే కనీసపు కొలత సాధారణంగా ఇదే, ఒక నిమిషం.

ఈ 21,600ను 2π తో భాగించండి. 3438 వస్తుంది (సుమారుగా). అంటే ఏ దూరాన్నైనా 3438తో భాగిస్తే, ఆ దూరంలో ఒక నిమిషం కోణం ఎంత వెడల్పు ఉంటుందో తెలిసిపోతుంది. 100 గజాలంటే 3600 అంగుళాలు. 3600 / 3438 = 1.047 అంగుళం. 100 మీటర్లయితే 2.9 సెం.మీ. ఈ 3438 కొత్తది కాదు. 499 నాటి ఆర్యభటీయంలోని జ్యాపట్టికలో వ్యాసార్థం ఇదే 3438. వృత్త పరిధిని నిమిషాల్లో కొలిచి, వ్యాసార్థాన్నీ అదే కొలతలో చెప్పారన్నమాట. నాకు ఈ సంఖ్య రైఫిల్ పుస్తకం చదువుతుంటే ఎదురైనప్పుడు పాత చుట్టం కనిపించినట్టయింది.

షూటర్లు పని తేలికకోసం ఇలా గుర్తుపెట్టుకుంటారు: 100 గజాలకు ఒక నిమిషం అంటే ఒక అంగుళం, 300 గజాలకు మూడు, 600కు ఆరు, 1000కి పది అంగుళాలు. (అసలు లెక్క ప్రకారం 1000 గజాలకు 10.47. చిన్న సవరణలకు ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. 30, 40 నిమిషాలు తిప్పేటప్పుడు మాత్రం పట్టించుకోవాలి.) గజం అంటే ఇళ్ల స్థలాల గజం అనుకునేరు, అది చదరపు గజం. ఇది మూడడుగుల పొడవు.

ఈ కొలతలో ఉన్న అందం ఏమిటంటే దూరం మారినా కోణం మారదు. ఎన్.సి.సి.లో 25 గజాల దగ్గర మీ గ్రూపు అంగుళం వెడల్పు వచ్చిందనుకోండి. శభాష్ అంటారు. అది సుమారు 4 నిమిషాల గ్రూపు. అదే చేయి, అదే స్థిరత్వంతో 1000 గజాలకు పోతే, గాలీ గీలీ ఏమీ లేకున్నా, 40 అంగుళాలు చెదిరిపోతుంది. అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వారి 1000 గజాల ఎఫ్-క్లాస్ టార్గెట్‌లో పది మార్కుల వలయం వ్యాసం 10 అంగుళాలే, అంటే ఒక్క నిమిషం. దాని లోపలి ఎక్స్ వలయం 5 అంగుళాలు, అర నిమిషం.

ఎఫ్-క్లాస్ అన్నాను కదా, దాని సంగతి రెండు మాటలు. దూరపు రైఫిల్ పోటీలకు పేరున్న చోటు ఇంగ్లండులోని బిస్లీ. అక్కడి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ మొదటి పోటీలు 1860లో వింబుల్డన్‌లో జరిగాయి, 1890లో బిస్లీకి మారాయి. 1860 ప్రారంభోత్సవంలో మొదటి గుండు పేల్చింది విక్టోరియా రాణి. 400 గజాల దూరం, గుండు కేంద్రానికి అంగుళంన్నర లోపే పడింది. అయితే రైఫిల్‌ను ముందే ఇనుప స్టాండుకి బిగించి గురి సరిచేసి ఉంచారు. రాణిగారు పట్టుతాడు లాగారంతే! లెక్కంతా ఆ స్టాండు దగ్గర చెమటోడ్చినవాళ్లది. బిస్లీ సంప్రదాయ పోటీల్లో దుర్భిణి ఉండదు, చిన్న రంధ్రం ఉన్న సైటుతో కాల్చాలి. వయసు పెరిగి చూపు, చేయి సహకరించని షూటర్లు కూడా ఆటలో ఉండాలని కెనడాకు చెందిన జార్జ్ ఫార్క్వార్సన్ అనే షూటర్ దుర్భిణి, ఆనుకునే ఊత వాడే పోటీకి శ్రీకారం చుట్టాడు. ఎఫ్-క్లాస్‌లో ఎఫ్ ఆయన పేరులోదే.

మనవాళ్లు గెలిచిన ఒలింపిక్ రైఫిల్ పోటీల్లోనూ దుర్భిణికి అనుమతి లేదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం, రెండూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో రంధ్రపు సైటుతోనే. కానీ ఆ సైటుకీ క్లిక్కులున్న మరలే ఉంటాయి, లెక్కా ఇదే.

లోపల ఉన్నది స్క్రూగేజి

స్కోపులో ముందు వస్తుకటకం, కంటి వైపు అక్షికటకం. వస్తుకటకం ఇచ్చే ప్రతిబింబం తలకిందులుగా ఉంటుంది. దాన్ని నిటారు చేసే కటకాలు ఒక చిన్న లోపలి గొట్టంలో ఉంటాయి. అడ్డు తీగలు, అంటే మన ప్లస్ గుర్తు, ఈ చిన్న గొట్టం చివర ఉంటాయి. ఈ గొట్టాన్ని పై నుంచి ఒక మర, కుడి పక్క నుంచి ఒక మర నొక్కుతుంటే, ఎదురుగా స్ప్రింగు ఒకటి వెనక్కి నెడుతుంటుంది. పై మరకున్న నాబ్‌ను ఎలివేషన్ టరెట్ అంటారు, పక్కదాన్ని విండేజ్ టరెట్ అంటారు. మొదటిది ఎత్తుకు, రెండోది కుడి ఎడమలకు.

ఇంటర్ మొదటి సంవత్సరంలో స్క్రూగేజి పట్టినవాళ్లకు ఇక చెప్పేదేముంది? మర ఒక చుట్టు తిరిగితే నిర్ణీత దూరం జరుగుతుంది, చుట్టును భాగాలు చేస్తే కనీసపు కొలత వస్తుంది. ఇక్కడ ఒక్కో భాగానికి 'టిక్' మని చేతికి తెలుస్తుంది. దాన్నే క్లిక్ అంటారు. చాలా స్కోపుల్లో ఒక క్లిక్ పావు నిమిషం. టార్గెట్ పోటీల స్కోపుల్లో నిమిషంలో ఎనిమిదో వంతు కూడా ఉంటుంది. స్క్రూగేజిలో బ్యాక్‌లాష్ దోషం ఉన్నట్టే పాత స్కోపుల్లో దీనికీ ఉంటుంది. అందుకే అనుభవజ్ఞులు కావలసిన గుర్తు దాటి కాస్త ముందుకు తిప్పి, మళ్లీ ఎప్పుడూ ఒకే వైపు నుంచి వెనక్కి తెచ్చి ఆపుతారు. మన ల్యాబ్ అసిస్టెంటు చెప్పే మాట కూడా ఇదే.

నిమిషాలు కాక మిల్ అనే ఇంకో కొలత ఉంది. 1000 మీటర్ల దగ్గర 1 మీటరు వెడల్పు చూపే కోణం ఒక మిల్. 0.1 మిల్ క్లిక్ అంటే 100 మీటర్ల దగ్గర సరిగ్గా 1 సెం.మీ. మీటర్లతో పెరిగిన మనకు ఇదే సుఖం. కొన్ని స్కోపుల్లో లోపలి గీతలు మిల్‌లో, నాబ్ నిమిషాల్లో ఉంటాయి. అలాంటిది చేతికొస్తే 1 మిల్ = 3.44 నిమిషాలు అని ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

కాల్చకముందు చేసే పని

ముందు అక్షికటకం. స్కోపును ఖాళీ ఆకాశం వైపో (సూర్యుడి వైపు ఎట్టి పరిస్థితిలోనూ కాదు) తెల్ల గోడ వైపో పెట్టి, అడ్డు తీగలు స్పష్టంగా కనిపించేదాకా కంటి దగ్గరి రింగు తిప్పాలి. అదే పనిగా చూస్తూ తిప్పితే కన్ను తానే సర్దుకుని మోసం చేస్తుంది. ఒక్క క్షణం చూసి, కన్ను తిప్పుకుని, మళ్లీ చూడాలి.

తరువాత పారలాక్స్. కుంభాకార కటకం ప్రయోగంలో సూదిని, ప్రతిబింబాన్ని ఒకేచోట నిలిపేటప్పుడు తల అటూ ఇటూ ఊపి చూస్తాం కదా. రెండూ విడిపోకుండా కలిసి కదిలితే పారలాక్స్ లేదు. ఇక్కడా అంతే. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, ముట్టుకోకుండా, తల కొంచెం పైకీ కిందికీ కదిపి చూడాలి. అడ్డు తీగలు టార్గెట్ మీద జారుతున్నట్టు కనిపిస్తే, టార్గెట్ ప్రతిబింబం తీగల తలంలో పడటం లేదన్నమాట. అది ఆగేదాకా పారలాక్స్ నాబ్ (సాధారణంగా ఎడమ పక్కన) తిప్పాలి. నాబ్ మీద ముద్రించిన అంకెలను నమ్మి వదిలేయకండి, కంటితో చూసిందే ఖాయం. పాలిటెక్నిక్‌లో థియోడలైట్ పట్టిన సివిల్ మిత్రులకు ఈ రెండు పనులూ, ఈ వరుసా కొత్త కాదు.

మూడోది వాలు. అడ్డు తీగల్లో నిలువు గీత నిజంగా నిలువుగా ఉండాలి. తూకం దారం ఒకటి దూరంగా వేలాడదీసి దానితో కలిపి చూస్తే చాలు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. మన ఉదాహరణ రైఫిల్‌కి 1000 గజాలకు సుమారు 37.5 నిమిషాలు పైకి తిప్పాలి. కాల్చేటప్పుడు రైఫిల్ 5 డిగ్రీలు పక్కకి వాలిందనుకోండి. ఆ 37.5 నిమిషాల్లో సైన్ 5° వంతు పక్కకి పోతుంది. సైన్ 5° = 0.087. అంటే 3.3 నిమిషాలు, 34 అంగుళాలు! పది మార్కుల వలయం అంచు కేంద్రం నుంచి 5 అంగుళాలే అని గుర్తుంచుకోండి. అందుకే దూరపు షూటర్ల స్కోపుల మీద తాపీమేస్త్రీ రసమట్టం లాంటి చిన్న నీటిబుడగ కనిపిస్తుంది.

నాబ్ నిజం చెబుతోందా అన్నది కూడా తూటా లేకుండానే పరీక్షించవచ్చు. 100 గజాల దగ్గర అంగుళాలు గీసిన పొడుగు కాగితం నిలబెట్టి, రైఫిల్‌ను కదలకుండా బిగించి, 30 నిమిషాలు తిప్పితే తీగ 31.4 అంగుళాలు జరగాలి. 30 మాత్రమే జరిగితే ఆ స్కోపు క్లిక్కు చెప్పుకున్నంత లేదు. దాన్ని పారేయక్కర్లేదు, సవరణ గుణకం నోట్‌బుక్‌లో రాసుకుంటే సరి.

జీరో చేయడం

ఇక నుంచి చెప్పేవన్నీ అనుమతి ఉన్న రేంజిలో, అధికారి పర్యవేక్షణలో చేసే పనులు. మన దేశంలో లైసెన్సు లేకుండా ఇలాంటి రైఫిల్ ముట్టుకునే వీల్లేదు.

మొదట బోల్టు తీసేసి, వెనక నుంచి ఖాళీ బ్యారెల్ గుండానే 25 గజాల టార్గెట్‌ను చూస్తారు. మధ్యచుక్క బ్యారెల్ రంధ్రం నడుమ కనిపించేలా రైఫిల్‌ను సంచుల మీద అమర్చి, అది కదలకుండా, అడ్డు తీగలను ఆ చుక్క మీదికి తిప్పుతారు. దీంతో తొలి గుండు కనీసం కాగితం మీద పడుతుంది. 25 గజాల దగ్గర కాస్త సరిచేసుకుని 100 గజాలకు వెళతారు.

ఇక్కడ ఓపిక కావాలి. ఒక్క గుండు కాల్చి, అది పడిన చోటు చూసి నాబ్ తిప్పడం, మళ్లీ కాల్చి మళ్లీ తిప్పడం, ఇలా రంధ్రం వెంట పరుగెత్తేవాళ్లే ఎక్కువ. రైఫిల్‌కీ చేతికీ సహజంగానే కొంత చెదురు ఉంటుంది. ఒక్క గుండు ఆ చెదురులో ఏ మూల పడిందో ఎవరికీ తెలియదు. దాన్నిబట్టి తిప్పితే చెదురును సరిచేస్తున్నామే తప్ప గురిని కాదు. ల్యాబ్‌లో లోలకం ఆవర్తన కాలానికి ఒక్క రీడింగు తీసి రికార్డులో రాస్తే లెక్చరర్ ఊరుకుంటారా? ఐదు గుళ్లు ఒకే చోట గురిపెట్టి కాల్చి, ఐదు రంధ్రాల నడిమి బిందువు కనుక్కుని, దానికి మాత్రమే సవరణ చేయాలి. చేతిలో తూటాలు తక్కువున్నవాడికే ఈ నియమం ఎక్కువ అవసరం. ఐదింటిని గుడ్డిగా తలా ఒక సవరణకు ఖర్చుపెట్టే బదులు, ఐదింటితో ఒకే ఒక్క నమ్మదగిన సవరణ వస్తుంది.

100 గజాల దగ్గర నడిమి బిందువు 3 అంగుళాలు కింద, 2 అంగుళాలు కుడికి ఉందనుకోండి. 3 నిమిషాలు పైకి, 2 నిమిషాలు ఎడమకి. పావు నిమిషం క్లిక్కయితే 12 క్లిక్కులు పైకి, 8 క్లిక్కులు ఎడమకి. అదే తప్పు 25 గజాల దగ్గర కనిపించి ఉంటే? అక్కడ నిమిషమంటే పావు అంగుళమే కాబట్టి నాలుగింతలు, 48 క్లిక్కులు పైకి, 32 ఎడమకి.

చాలామంది తడబడేది దిక్కుల దగ్గర. నాబ్ మీద 'అప్' అని బాణం ఉంటుంది. అది గుండు పడేచోటు పైకి పోతుందని చెప్పే బాణం. కానీ రైఫిల్‌ను కదపకుండా అప్ వైపు తిప్పుతూ లోపల చూస్తే అడ్డు తీగలు టార్గెట్ మీద కిందికి జారుతుంటాయి! కంగారు పడనక్కర్లేదు. కిందికి జారిన తీగను మళ్లీ మధ్యచుక్క మీదికి తేవాలంటే మీరు రైఫిల్ మూతి ఎత్తాలి. అందుకే గుండు పైకి పోతుంది.

గ్రూపు నడిమికి వచ్చాక, నాబ్ పైన బిరడా వదులు చేసి, అంకెల రింగును సున్న దగ్గరికి తెచ్చి బిగిస్తారు. లోపలి మర కదలకూడదు. ఇదే జీరో.

దూరానికి, గాలికి

మన ఉదాహరణ బుల్లెట్‌కు 100 గజాల జీరో నుంచి సుమారుగా తిప్పవలసినవి ఇవి: 200 గజాలకు 2 నిమిషాలు, 300కు దాదాపు 5, 600కు 15న్నర, 800కు 25, 1000కి 37న్నర. దూరం 600 నుంచి 1000కి పెరిగింది, రెట్టింపు కూడా కాదు. నిమిషాలు రెట్టింపు దాటాయి. వేగం తగ్గిన బుల్లెట్ చివరి గజాల్లోనే ఎక్కువ పడుతుంది. 37న్నర నిమిషాలంటే పావు నిమిషం స్కోపులో 150 క్లిక్కులు. కొన్ని స్కోపుల్లో మర మధ్య నుంచి పైకి అంత జాగానే ఉండదు. అందుకని స్కోపు కింది పట్టాను ముందే 20 నిమిషాలు వాలుగా చెక్కి అమ్ముతారు.

ఎత్తు సంగతి ఇంత తేలిక. ఒకసారి రాసుకుంటే మళ్లీ మళ్లీ అదే వస్తుంది, వేడి, గాలి సాంద్రతనుబట్టి కొద్దిగా మారుతుందంతే. కష్టమంతా గాలిది. ఈ బుల్లెట్‌కు గంటకు 10 మైళ్ల (16 కి.మీ.) అడ్డగాలి 1000 గజాల దగ్గర సుమారు 10 నిమిషాలు, అంటే ఎనిమిదిన్నర అడుగులకు పైగా, పక్కకి తోస్తుంది. గాలి అంచనాలో ఒక్క మైలు తప్పితే పది అంగుళాలు. పది మార్కుల వలయంలోంచి బయటికి పోవడానికి అది చాలు.

గాలి సరిగ్గా అడ్డంగా వీయకపోతే? మన సైన్ పట్టికే. కాల్చే దిక్కుతో గాలి 30 డిగ్రీల కోణం చేస్తే సైన్ 30° = 0.5, సగం తిప్పితే చాలు. 45 డిగ్రీలకు 0.707. కొన్ని పాత పుస్తకాల్లో 45 డిగ్రీలకూ సగమే అని ఉంటుంది, అది తప్పు. 60 డిగ్రీలకు 0.866, దాదాపు మొత్తం తిప్పాల్సిందే. ఎదురుగానో వెనకనుంచో వస్తే సున్న.

గాలి వేగం ఎలా తెలుస్తుంది? రేంజి పొడవునా జెండాలు కడతారు. అంతకంటే మంచి సాధనం ఒకటుంది. ఎండమావి! దాహం తీర్చదని, మోసం చేస్తుందని చెప్పుకునే ఎండమావినే షూటర్లు నమ్ముతారు. నేల వేడెక్కి గాలి పొరల సాంద్రత మారి, దుర్భిణిలో నీటి అలల్లాంటి కదలిక కనిపిస్తుంది. అలలు తిన్నగా పైకి ఉడుకుతున్నట్టు ఉంటే అడ్డగాలి లేదు. పక్కకి వాలి పారుతుంటే గాలి ఆ వైపు వీస్తోంది. బాగా చదునై పరుగులు తీస్తుంటే గాలి బలంగా ఉంది. ఏప్రిల్‌లో మన తారు రోడ్డు మీద మధ్యాహ్నం చూడండి, ఈ మూడూ కనిపిస్తాయి. బుల్లెట్ తన చుట్టూ తాను తిరగడం వల్ల, భూమి తిరగడం వల్ల కూడా కొన్ని అంగుళాల తేడా వస్తుంది. అవి చివర్లో చూసుకునేవి.

షూటర్ దగ్గర స్కోపు తరువాత విలువైన వస్తువు నోట్‌బుక్. తేదీ, దూరం, ఉష్ణోగ్రత, గాలి దిక్కు, తన అంచనా, తిప్పిన నిమిషాలు, గుండు పడిన చోటు, అన్నీ ఒక్కో గుండుకీ రాస్తాడు. అంచనా గడి, ఫలితం గడి పక్కపక్కనే ఉండాలి. అంచనాను కాల్చకముందే రాయాలి, కాల్చాక రాస్తే ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది.

రెండు లెక్కలు ఇస్తున్నాను, చేసి చూడండి. రెండింటికీ పావు నిమిషం క్లిక్ ఉన్న స్కోపే.

ఒకటి: 600 గజాల దగ్గర గ్రూపు నడిమి బిందువు 9 అంగుళాలు కింద, 6 అంగుళాలు కుడికి ఉంది. ఏ నాబ్ ఎన్ని క్లిక్కులు, ఏ వైపు?

రెండు: 1000 గజాలు, మన ఉదాహరణ బుల్లెట్. గంటకు 10 మైళ్ల గాలి ఎడమ వైపు నుంచి, కాల్చే దిక్కుతో 30 డిగ్రీల కోణంలో వీస్తోంది. గాలికి ఎన్ని క్లిక్కులు, ఏ వైపు?

(జవాబులు: ఒకటి – 6 క్లిక్కులు పైకి, 4 క్లిక్కులు ఎడమకి. రెండు – 20 క్లిక్కులు ఎడమకి.)